పరీక్షకు ముందు ఉపవాసం

సుభద్రకు ఏ నెలలో భక్తి పుట్టుకొస్తుందో ఆమె ఆఫీసు వైద్య పరీక్షల తేదీని చూసి చెప్పేయవచ్చు. పరీక్ష వానాకాలంలో పడితే శ్రావణ శుక్రవారాలు, చలికాలంలో పడితే కార్తీక సోమవారాలు, ఏ మాసమూ కలిసిరాకపోతే సంకటహర చవితి. ఆ రోజుల్లో అన్నం ముట్టేది కాదు. రెండు పుల్కాలు, ఉడికించిన సొరకాయ, తెల్లారకముందే జనక్‌పురి పార్కులో చెమటలు కారేలా నడక. పరీక్ష అయిపోయి రిపోర్టులో 'నార్మల్' అని పడిందంటే ఆ భక్తి కాస్తా సద్దుమణిగి, ఇంట్లో మళ్ళీ ముద్దపప్పూ అన్నమూ, రాత్రి భోజనమయ్యాక గులాబ్‌జామూ మొదలయ్యేవి.

ఆమెను అని ఏం లాభం? అసిస్టెంటుగా చేరిన నాటి నుంచి అండర్ సెక్రటరీ అయ్యేదాకా ఎన్ని పరీక్షలు రాసిందో, అన్నీ ఆఖరి వారంలో చదివి గట్టెక్కినవే. ఒంటికి పెట్టే పరీక్షకూ అదే పద్ధతి సరిపోతుందనుకుంది. ఇన్నాళ్ళూ సరిపోయింది కూడా.

నాలుగేళ్ళ క్రితం బజారులో ఎవరో ఉచితంగా రక్తం చూస్తుంటే సరదాకి వేలు చాపి, షుగర్ ఉందని తెలుసుకుని వచ్చింది. ఆ మాట ఇప్పటిదాకా నోటివెంట రాలేదు. ప్రభుత్వ డిస్పెన్సరీకి వెళితే కార్డు మీద రాస్తారని, తెలుగు ముఖం కనబడని వీధిలో ఒక మందుల షాపు వెతుక్కుంది. ఆ షాపువాడు ఇచ్చిన బిళ్ళలు హ్యాండ్‌బ్యాగులో సూదీ దారం పెట్టుకునే సంచీలో ఉంటాయి. ఆడిట్ ఆఫీసులో పనిచేసే భర్త రంగనాథ్‌కు ఎవరి లెక్కల్లోనైనా తప్పు పట్టే కళ్ళున్నాయి గానీ, భార్య పళ్ళెంలోకి చూసే అలవాటు లేదు. పైగా తన భార్య ఢిల్లీలో ఉండి కూడా ఒక్క సోమవారం తప్పదని నలుగురిలో గొప్పగా చెప్పుకుంటాడు. టెన్త్ చదివే కూతురు నేహా మాత్రం, "మమ్మీ, ఫిర్ సే వ్రత్?" అని, మళ్ళీ వ్రతమా అన్నట్టు కనుబొమలెగరేసి ఊరుకునేది.

ఈసారి పరీక్ష మామూలుది కాదు. మనీలాలో మూడు నెలల ట్రైనింగుకు మంత్రిత్వ శాఖ నుంచి ఒక్కరిని పంపుతారు. సుభద్ర పేరు ఖాయమైనట్టే, వైద్య పరీక్ష రిపోర్టు ఒక్కటీ జతచేస్తే చాలు. ఆ ట్రైనింగు చేసి వచ్చినవాళ్ళు అండర్ సెక్రటరీగానే రిటైరైన దాఖలా లేదు. ఆమె ఇంతకుముందు ఏ పరీక్షకూ ఇంత భయపడలేదు.

భయపడిన మనిషి జాగ్రత్తగా ఉండాలి కదా. మంగళవారం పరీక్ష పెట్టుకుని, ఆదివారం తెలుగువాళ్ళ వనభోజనాలకు వెళ్ళింది. పార్కులో ఉసిరిచెట్టు దొరక్క, ఎవరో కుండీలో తెచ్చిన ఉసిరి మొక్కకు పూజ చేసి విస్తళ్ళు పరిచారు. సోమవారమంతా పస్తుండే మహాతల్లివి, ఇవాళైనా తినమని తలా ఒక బూరె ఆమె విస్తట్లో వేశారు. వద్దంటే ఎందుకని అడుగుతారు. అడిగితే ఏం చెప్పాలి? నెయ్యి పోసి పెట్టిన బూరెలన్నీ తినేసింది. తిన్నంతసేపూ రుచి తెలియలేదు, లోపల లెక్క తప్పుతోందన్న బెంగే.

తప్పిన లెక్క సరిచేయడానికి సోమవారం పొద్దుటి నుంచీ మంచినీళ్ళే తాగింది. రాత్రి ఒక బిళ్ళ వేసుకోవలసిన చోట రెండు వేసుకుంది. మంగళవారం లేచాక కూడా నమ్మకం కుదరక, స్నానాలగదిలో తలుపు గడియపెట్టుకుని ఇంకొకటి మింగింది.

జనక్‌పురి నుంచి సెక్రటేరియట్‌కు నడిచే చార్టర్డ్ బస్సులో ఎవరి సీటు వాళ్ళదే. ఏళ్ళ తరబడి అదే సీటు, అదే పొరుగు. ముందువైపు పేకాట బృందం, మధ్యలో స్వెట్టర్లు అల్లే ఆడవాళ్ళు. సుభద్ర కిటికీ పక్కన కూర్చుంటుంది. వెనక సీటు ధర్మయ్యది. ఆమె సెక్షన్‌లోనే సెక్షన్ ఆఫీసర్. కరీంనగర్ మనిషి, ఆమె కంటే రెండుమూడేళ్ళు పెద్ద.

బస్సు కంటోన్మెంటు దాటుతుండగా సుభద్ర మెడ వెనక చెమట పట్టింది. నవంబరు పొగమంచులో అందరూ శాలువాలు బిగించుకుని కూర్చుంటే ఆమె జాకెట్టు తడిసి వీపుకు అంటుకుంది. చేతిలో మొబైల్ వణుకుతోంది. ఫోను మోగుతోందనుకుంది, కాదు, తన చెయ్యే. గుండె గొంతులోకి వచ్చి కొట్టుకుంటున్నట్టుంది. ఆకలి మామూలుగా లేదు, కడుపులో ఎవరో చెయ్యి పెట్టి తోడుతున్నట్టుంది. ఇంకెంత, హాస్పిటల్లో రక్తం ఇచ్చేస్తే అయిపోతుంది, అని పళ్ళు బిగించింది.

సరిగ్గా అప్పుడే పేకాట బృందంలో మెహ్రా అనే ఆయన మనవడు పుట్టాడని మోతీచూర్ లడ్డూల డబ్బా పట్టుకుని సీటు సీటుకూ వస్తున్నాడు. సుభద్ర చెయ్యి అడ్డంగా ఊపింది. ఆయన బలవంతం చేస్తే మాట్లాడబోయింది, నాలుక తిరగలేదు. ఆయన మొహం రెండు మొహాలుగా కనిపించింది. తల కిటికీ అద్దానికి వెళ్ళి కొట్టుకుంది.

వెనక నుంచి ధర్మయ్య లేచి వచ్చాడు. ఆమె నుదురు చూశాడు, వేళ్ళు పట్టుకుని చూశాడు.

"మేడమ్, నోరు తెరువుండ్రి."

ఆమె తల అడ్డంగా తిప్పింది. రక్తం ఇవ్వాలి, తినకూడదు. ఇన్ని రోజులు కడుపు మాడ్చుకున్నది ఒక్క లడ్డూతో బూడిదపాలు చేసుకోవాలా? ఆమెకు ఏడుపొచ్చింది.

"పరీక్షలు మల్ల ఇయ్యొచ్చు. ముందుగాల ఇది మింగుండ్రి." పిల్లకు పెట్టినట్టు లడ్డూ చిదిపి నోట్లో పెట్టి, బుగ్గ మీద వేలితో నొక్కాడు. తీపి గొంతు దిగింది. రెండో లడ్డూ ఆమే అతని చేతిలోంచి లాక్కుని తినేసింది. చుట్టూ మూగినవాళ్ళతో ధర్మయ్య చాలా మామూలుగా, "మేడమ్ కా వ్రత్ హై. చక్కర్ ఆ గయా" అని, ఉపవాసంతో కళ్ళు తిరిగాయన్నట్టు చెప్పాడు. పాపం అని స్వెట్టర్ల ఆడవాళ్ళు ఆమె భక్తిని మెచ్చుకున్నారు.

బస్సు ధౌలా కువాఁ వంతెన దిగేసరికి ప్రపంచం మళ్ళీ ఒకటిగా కనిపించింది. అప్పుడు పట్టుకుంది సుభద్రకు అసలు భయం. ఉపవాసమని అందరికీ చెప్పినవాడు, ఆమెతో మాత్రం పరీక్షలు అన్నాడు. ధర్మయ్యకు తెలిసిపోయింది.

*

ఎవరికి తెలిసినా ఆమె ఇంత బెదిరేది కాదు. ధర్మయ్యకు తెలియడమే వచ్చిన చిక్కు. కిందటేడు మనీలాకు వెళ్ళవలసినవాడు ధర్మయ్య. డాక్టరు అడిగితే తనకు షుగర్ ఉందని, మందులు వాడుతున్నానని ఉన్నదున్నట్టు చెప్పి, అదుపులో ఉంది, ప్రయాణానికి తగును అని రాయించుకుని వచ్చాడు. చివరికి అతని పేరు పోయింది, వేరే సెక్షన్ మనిషి వెళ్ళాడు. ఆరోగ్యం దృష్ట్యా అని ఒక్క ముక్క చెప్పారు. అతను మాట్లాడకుండా వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు.

సుభద్ర హాస్పిటల్‌కు ఫోన్ చేసి, అర్జెంటు మీటింగని అబద్ధమాడి పరీక్షను శుక్రవారానికి మార్పించుకుంది. ఆ తరవాత ఆమె పనంతా ధర్మయ్యను కనిపెట్టి ఉండడమే. అతను సెక్షన్‌లో ఎవరితో నవ్వినా, తన గురించేనా అనుకుంది. ఎవరి చెవిలోనో ఏదో చెబుతుంటే ఫైలు అడిగే నెపంతో అక్కడికి నడిచి వెళ్ళింది. అతను గట్టిగా మాట్లాడితే ఒక భయం, మెల్లగా మాట్లాడితే ఇంకో భయం.

బుధవారం మధ్యాహ్నం ధర్మయ్య డైరెక్టర్ మాథుర్ గదిలోకి వెళ్ళాడు. తలుపు మూసుకుంది. సుభద్ర తన గది తెరిచి ఉంచి, ఒకే పేజీని పట్టుకుని కూర్చుంది. ఫైలు లేకుండా వట్టి చేతులతో వెళ్ళాడు. పని మీద వెళ్ళేవాడు వట్టి చేతులతో వెళతాడా? చాలాసేపటికి బయటికొచ్చాడు. కాస్త ఎడమకాలు ఈడుస్తూ నడుస్తున్నాడు. కొన్నాళ్ళుగా అలాగే నడుస్తున్నాడు, ఆమె చూస్తూనే ఉంది. ఇప్పుడామెకు కావలసింది అతని నడక కాదు, అతను లోపల ఏం వాగి వచ్చాడన్నది.

అడిగే ధైర్యం లేక మంచి చేసుకోవాలనుకుంది. ఎప్పుడూ రెండు రోజులు నాన్చే అతని సెలవు అర్జీ మీద వెంటనే సంతకం పెట్టి పంపింది. టీ తెప్పించి అతని టేబులు దగ్గరకే పంపింది, అదీ చక్కెర లేకుండా. పంపాక నాలుక్కరుచుకుంది. చక్కెర లేని టీ పంపడమంటే గుర్తుచేసినట్టే కదా.

ఇంట్లో కూర మాడింది. రంగనాథ్ ఏమైందని అడిగితే ఆఫీసు తలనొప్పి అంది. ఆ రాత్రి బిళ్ళ వేసుకోవాలంటే చెయ్యి రాలేదు, మానేయాలంటే శుక్రవారం గుర్తొచ్చింది. చివరికి సగం విరిచి వేసుకుంది. డాక్టరు లేని వైద్యం ఇలాగే ఉంటుంది, రోగి బుద్ధి ఏ రోజెటు తిరిగితే మోతాదు అటు.

*

గురువారం లంచ్ అయ్యాక ధర్మయ్య ఆమె గదిలోకి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, కూర్చోమని చెప్పకుండానే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఇన్నేళ్ళలో అతను చెప్పకుండా కూర్చున్నది అదే మొదటిసారి. బేరానికి వచ్చాడు, అనుకుంది సుభద్ర. ఏమడిగినా ఇవ్వడానికి సిద్ధపడింది. మనీలా వదులుకోమంటే మాత్రం ఏం చెయ్యాలో తోచలేదు.

"మేడమ్, ఒక మాట అడుగుత. తప్పుగ అనుకోవద్దు," అన్నాడు గొంతు తగ్గించి. "మీకు షుగర్ ఎన్ని రోజుల సంది?"

అబద్ధం నోటిదాకా వచ్చింది గానీ, తన నోట్లో లడ్డూ పెట్టిన చెయ్యి ఎదురుగా బల్ల మీద ఉంది. "నాలుగేళ్ళయిందండీ," అంది.

"నాలుగేండ్లు." అతని కళ్ళలో ఆమె ఎదురుచూసిన ఎత్తిపొడుపు లేదు. మెచ్చుకోలు ఉంది. "ఎవ్వలికి తెల్వనియ్యలే. ప్రతిసారి నార్మల్ అనే రాయించుకుంటున్నరు. గదే తెలివంటే. నేను డాక్టర్ ముంగట నిజం చెప్పిన, నా పేరు పాయె. మీరు చెప్పలే, మీ పేరు ఉన్నది. నాకు గూడ జర ఆ తరీకా చెప్పుండ్రి మేడమ్. ఎన్ని రోజులు తిండి బంద్ జెయ్యాలె, ఏం గోలి ఏసుకోవాలె?"

సుభద్రకు వెంటనే అర్థం కాలేదు.  ధర్మయ్య చెప్పుకుపోతున్నాడు. అంతకుముందు మూడు నెలలకోసారి తప్పకుండా డిస్పెన్సరీకి పోయి రక్తం ఇచ్చి, డాక్టరుకు చూపించుకునేవాడట. పేరు పోయిన దగ్గర్నుంచీ మానేశాడు. పోతే కార్డుకెక్కుతుంది, కార్డుకెక్కితే ఆఫీసుకు తెలుస్తుంది. కరోల్ బాగ్‌లో ఎవరో ఇచ్చే చూర్ణం మింగుతున్నాడు. నిన్న డైరెక్టర్ దగ్గరికి పోయింది కూడా అందుకే. ఆ చూర్ణంతో షుగర్ మొత్తం పోయిందని, వచ్చే ఏడాది ట్రైనింగుకు తన పేరు చూడమని చెప్పుకుని వచ్చాడు.

"మరి పోయిందా?" అంది సుభద్ర.

"ఏమో మేడమ్. చూపించుకుంటెనే గద తెలిసేది." కొంచెం నవ్వాడు.

"కాలెందుకు ఈడుస్తున్నారు?"

"బూటు కరిచింది. దసరా అప్పటి సంది మానుతలేదు. నొప్పి లేదు, అందుకే ఫికర్ చేస్తలేను."

"విప్పండి, చూద్దాం."

ఆఫీసులో, పై అధికారి గదిలో, బూటు విప్పడానికి అతను సిగ్గుపడ్డాడు. ఆమె కుర్చీలోంచి లేచి బల్ల ఇటువైపు వచ్చి నిలబడింది. అతను లేసు విప్పి బూటు లాగాడు. మేజోడు బొటనవేలి దగ్గర తడిగా అంటుకుపోయింది. పీకుతుంటే అతని మొహంలో ఏ మార్పూ లేదు.  బొటనవేలి కింద పుండు నల్లబడి ఉంది, వాసన గదిలోకి వచ్చింది. అంత పుండుకు అరవవలసిన మనిషి, మేజోడు మడతపెట్టుకుంటూ కూర్చున్నాడు.

సుభద్ర వెళ్ళి కిటికీ తెరిచింది. తిరిగి రావడానికి కొంచెంసేపు పట్టింది.

"ధర్మయ్య గారూ, కిందటేడు మీ పేరు తీసింది డైరెక్టర్ కాదు. డాక్టరు మీకు తగునని రాశాడు. ఆరోగ్యం దృష్ట్యా వేరే పేరు చూడవచ్చని నోట్ పెట్టింది నేను."

ఆ నోట్ ఎందుకు పెట్టిందో ఆమెకు బాగా తెలుసు. తాను సూదీ దారం సంచీలో దాచుకున్న మాటను ఈ మనిషి అంత తేలిగ్గా డాక్టరుకు చెప్పి, అంత తేలిగ్గా కాగితం పట్టుకుని రావడం ఆమెకు ఒళ్ళు మండించింది. ధర్మయ్య పేరు పోతే మరుసటేడు తన పేరు ముందుకొస్తుందన్న ఆశ కూడా ఉంది. షుగర్ ఉన్నవాళ్ళను పక్కన పెడతారని ఇన్నాళ్ళూ వణికింది. పెట్టింది తానే.

ధర్మయ్య ఆమె వైపు చూశాడు. తరవాత తల వంచుకుని, పుండు మీదికి మేజోడు లాక్కోవడం మొదలుపెట్టాడు.

"నాకు ఎర్కలేదు మేడమ్," అన్నాడు చివరికి.

"ఇప్పుడే హాస్పిటల్‌కి వెళదాం పదండి."

"ఇప్పుడు నా కాలుతోని మీకేం పని?" గొంతు పెంచలేదు. బూటులోకి కాలు దూర్చి లేచి నిలబడ్డాడు. "రేపు మీకు పరీక్ష ఉన్నది గద. ఇంటికి పోయి ఉపాసం ఉండుండ్రి."

అతను తలుపు దగ్గరికి నడిచాడు. పోనిస్తే పోతాడు. ఎవరికీ ఏమీ చెప్పడు కూడా, అలాంటి మనిషి. రేపు రక్తం ఇవ్వొచ్చు, మనీలా వెళ్ళొచ్చు. తిరిగొచ్చేసరికి అతని కాలు ఏమై ఉంటుందో ఆలోచించకుండా ఉండగలిగితే చాలు. ఆ క్షణంలో ఆమెకు అతనంటే కోపం కూడా వచ్చింది, ఎందుకు కూర్చున్నాడు, ఎందుకు అడిగాడు అని. కానీ చెయ్యి బల్ల మీది ఫోన్ ఎత్తింది.

డైరెక్టర్ లైన్లోకి రాగానే ధర్మయ్య వినేలా ఇంగ్లీషులో చెప్పింది. తనకు నాలుగేళ్ళుగా షుగర్ ఉందని, ఇన్నేళ్ళూ పరీక్షకు ముందు తిండి మానేసి దాచానని, ఈసారి రిపోర్టు ఉన్నదున్నట్టు ఇస్తానని. కిందటేడు ధర్మయ్య విషయంలో తాను పెట్టిన నోట్ తప్పని, డాక్టరు తగునన్న మనిషిని తానే తప్పించానని, అది రాతపూర్వకంగా సరిచేస్తానని. ఇప్పుడు ఇద్దరమూ హాస్పిటల్‌కు వెళుతున్నామని.

 మాథుర్, మనీలా కాగితాలు సాయంత్రానికల్లా పైకి వెళ్ళాలని ఆమెకు తెలుసు కదా అన్నాడు. తెలుసంది. అలాగైతే ఏం చెయ్యాలో తాను చూస్తానని, ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోమని చెప్పి పెట్టేశాడు. ఆ మర్యాదైన గొంతుకు అర్థం ఏమిటో పాతికేళ్ళ సర్వీసులో ఆమెకు ఒకరు చెప్పనక్కరలేదు.

ధర్మయ్య తలుపు పిడి మీద చెయ్యి వేసి అలాగే నిలబడి ఉన్నాడు. సుభద్ర హ్యాండ్‌బ్యాగు తీసుకుని అతని పక్కగా బయటికి నడిచింది. వెనక నుంచి ఈడుస్తున్న అడుగు వినిపించాక గానీ ఊపిరి పీల్చుకోలేదు.

*

ఆటోలో ఇద్దరూ చెరొక అంచుకు జరిగి కూర్చున్నారు. హాస్పిటల్ వరండాలో బెంచీ మీద కూడా చెరొక చివర కూర్చున్నారు. అతను క్షమించాడో లేదో తెలియదు. అడగడానికి ఆమెకు మొహం చెల్లలేదు. లోపలికి పిలిచాక ఒక యువ డాక్టరు ధర్మయ్య కాలు బల్ల మీద పెట్టించుకుని, దీపం దగ్గరికి లాగి, పుండు చుట్టూ సన్నటి పుల్లతో తాకుతూ తెలుస్తోందా అని అడిగింది. చాలా చోట్ల అతను తెలియడం లేదన్నాడు. ఇన్నాళ్ళు ఎవరికీ చూపించలేదా అని డాక్టరమ్మ గట్టిగానే తిట్టింది. వెంటనే అడ్మిట్ కావాలంది. వేలు నిలబడుతుందో లేదో ఇప్పుడే చెప్పలేనని, కాలికి మాత్రం భయం లేదనుకుంటున్నానని, ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే ఆ మాట కూడా చెప్పగలిగేదాన్ని కాదని అంది.

ధర్మయ్య అప్పుడు భయపడ్డాడు. 

డాక్టరమ్మ చీటీ రాస్తూ గోడవారగా నిలబడ్డ సుభద్ర వైపు తలెత్తింది. "ఆప్ ఇన్‌కే సాథ్ ఆయీ హైఁ?" అని అడిగింది. తోడు వచ్చారా అని.

ఔనంటే అబద్ధమేమీ కాదు. తోడుగానే వచ్చింది. ఔనని, అడ్మిషన్ చీటీ తీసుకుని, చాలా గౌరవంగా బయటికి నడవొచ్చు. ఆఫీసుకు ఫోన్ చేసి ఏదో ఒకటి సర్దుకోవడానికి కూడా ఇంకా కాస్త వేళ మిగిలే ఉంది. ఆమె నాలుక నిజంగానే ఆ మాట కోసం కదిలింది.

"సాథ్ భీ ఆయీ హూఁ," అంది. "మైఁ భీ మరీజ్ హూఁ. నాలుగేళ్ళుగా షుగర్ ఉంది, ఒక్కసారీ డాక్టరుకు చూపించుకోలేదు." తోడుగానూ వచ్చాను, నేనూ రోగినే అన్నంతవరకు హిందీలో, మిగతాది కంగారులో తెలుగులో చెప్పేసింది.

డాక్టరమ్మకు తెలుగు రాదు. ఆమె ధర్మయ్య వైపు చూసింది. అతను ఒకసారి తన కాలు వైపు చూసుకున్నాడు. ఆ తరవాత సుభద్ర చెప్పిన మాటను హిందీలో ఉన్నదున్నట్టు, ఒక్క అక్షరం తగ్గించకుండా చెప్పాడు. చెప్పి, స్టూలు మీద పెట్టిన తన బూటు తీసి కింద పెట్టాడు.

సుభద్ర ఆ స్టూలు మీద కూర్చుంది. డాక్టరమ్మ కొత్త చీటీ తీసి, ఇవాళ పొద్దుట ఏం తిన్నారో చెప్పండి అంది. సుభద్ర చీర కొంగు సర్దుకుని, ఇవాళ్టిది కాదు, ఆదివారం బూరెల నుంచి చెప్పడం మొదలుపెట్టింది.